కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ మోత తగ్గించిన పని: ఒక కేస్ స్టడీ

నన్ను పిలిచింది ఊరి కోసం. డిసెంబరు నెల, కుప్పం వైపు పొద్దున ఎనిమిదైనా మంచు విడవని రోజులు. క్వారీకి ఆరు వందల మీటర్ల దూరంలో ఉన్న పల్లె జనం అర్జీ పెట్టుకున్నారు. పాలు పితికే వేళకే డ్రిల్లింగ్ మోత మొదలవుతోందని, ఆవులు సరిగా చేపడం లేదని, పదో తరగతి పిల్లలు పొద్దున చదువుకోలేకపోతున్నారని అందులో రాశారు. యజమాని నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "సార్, మధ్యలో ఒక గోడ లేపితే సరిపోతుందా? ఎంతవుతుందో చెప్పండి."

నేను గనుల ఇంజనీరుని. చిత్తూరు జిల్లాలో గ్రానైట్ క్వారీల భద్రత పనులు చూస్తుంటాను. గోడ లెక్క వేయడానికే బయల్దేరాను. మొదటి రోజు టీ వేళకి, రేకుల షెడ్డు కింద పెద్ద మేస్త్రి పక్కన కూర్చోబోతే ఆయన చెయ్యి పట్టుకుని నన్ను రెండో పక్కకి మార్చాడు. "ఎడం చెవి పోయి శానా ఏండ్లాయ సార్. ఆ పక్క కూర్చుంటే మీ మాట నాకు రాదు." షెడ్డులో ఉన్న ఆరుగురు డ్రిల్లర్లూ ఒకరితో ఒకరు అరిచినట్టే మాట్లాడుకుంటున్నారు. అప్పటికి యంత్రాలు ఆగి పావుగంట అయింది.

యజమానికి ఆ సాయంత్రమే చెప్పాను. గోడ రెండో పని. మోత పుట్టే చోట, దాని పక్కనే రోజంతా నిలబడే మనిషి దగ్గర తగ్గిస్తే ఊరికి చేరేదీ తగ్గుతుంది. గోడ ఒక్కటే కడితే ఊరికి కొంత ఊరట దొరుకుతుంది గానీ డ్రిల్లర్ చెవికి ఒరిగేదేమీ ఉండదు. ఆయన కాసేపు ఆలోచించి, "మూడు నెలలు టైం తీసుకోండి" అన్నాడు. నిజానికి ఐదు నెలలు పట్టింది.

రాయి, యంత్రాలు

ఇక్కడ తీసే పచ్చ ఛాయ రాయి మార్కెట్లో కుప్పం గ్రీన్ పేరుతో పోతుంది. ఇది కంకరకు కొట్టే రాయి కాదు, బ్లాకుగా తీసి పలకలుగా కోసే రాయి. బ్లాకులో వెంట్రుకంత పగులు కనిపించినా ధర పడిపోతుంది. అందుకే పేలుడు మందు వాడకం బాగా తక్కువ. రాయిని విడదీసే భారమంతా డ్రిల్లింగ్ మీదే. చేత్తో పట్టుకుని ఒత్తిడి గాలితో నడిపే జాక్ హ్యామర్‌తో జానెడు కంటే తక్కువ ఎడంలో వరసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి బ్లాకును చీలుస్తారు. మామూలు గనిలో బ్లాస్టింగ్ మోత రోజుకొక్కసారి వచ్చి పోతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, హ్యామర్లు ఆడుతున్నంతసేపూ మోతే.

ఆరు జాక్ హ్యామర్లు, వాటికి గాలి ఇచ్చే రెండు డీజిల్ కంప్రెసర్లు, లోతు బెజ్జాలకు ఒక డీటీహెచ్ (డౌన్ ది హోల్) యంత్రం. ఇవి కాక, వజ్రపు పూసల తాడుతో రాయిని కోసే వైర్ సా ఒకటి టార్పాలిన్ కింద పడి ఉంది. నడిపే మనిషి మానేసి వెళ్ళిపోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈ టార్పాలిన్ సంగతి తర్వాత చెబుతాను.

కొలత

సౌండ్ లెవెల్ మీటర్ తీసే ముందు ఒక మాట. ఫోన్‌లో యాప్ పెట్టి చూశామని చాలామంది నాకు ఫొటోలు పంపుతుంటారు. మాటల స్థాయి శబ్దానికి అది ఏదో ఒక అంకె చూపిస్తుంది గానీ, జాక్ హ్యామర్ పక్కన ఫోన్ మైక్ నిండిపోయి చేతులెత్తేస్తుంది. అంకె తక్కువగా వస్తుంది, మనం ధీమాగా ఉంటాం. మంచి మీటర్ కావాలి. పనికి ముందూ తర్వాతా 94 డెసిబెల్స్ శబ్దం ఇచ్చే క్యాలిబ్రేటర్ పెట్టి మీటర్ ఆ అంకె సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోవాలి. గాలికి మైక్ మీద స్పాంజి టోపీ ఉండాలి.

డ్రిల్లర్ చెవి దగ్గర, మనిషి చెవి స్పందించే తీరుకు సరిపోయే 'ఏ' (A) వెయిటింగ్ కొలతలో, అంకె 112 వచ్చింది. ఈ అంకెను గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1975లో ఇచ్చిన 18వ సర్క్యులర్ పక్కన పెట్టి చూడండి. ఎనిమిది గంటల పనికి 85 హెచ్చరిక హద్దు, 90 ప్రమాదపు హద్దు. 115 దాటిన చోటికి చెవి రక్షణ లేకుండా మనిషిని అసలు పంపకూడదు. డెసిబెల్ లెక్కలో మూడు పెరిగితే శబ్ద శక్తి రెట్టింపవుతుంది. శక్తి సమంగా ఉండాలంటే, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ పని గంటలు సగమవ్వాలి. ఆ లెక్కన 90 దగ్గర ఎనిమిది గంటలకు సమానమైన మోత 112 దగ్గర మూడు నిమిషాల్లో చెవికి అందేస్తుంది. ఈ క్వారీలో ఒక్కో డ్రిల్లర్ రోజుకు ఐదు గంటలు హ్యామర్ పట్టుకుంటున్నాడు. మోత వల్ల వచ్చే చెవుడు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. మేస్త్రి ఎడం చెవిని మాత్రం అప్పటిదాకా ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు.

112 అని రాసుకుని ఊరుకుంటే పని ముందుకు సాగదు. ఆ 112లో ఎవరి వాటా ఎంత? భోజనాల వేళ మిగతావన్నీ ఆపించి ఒక్క హ్యామర్ నడిపించాం. మొదట మామూలుగా. తర్వాత దాని ఎగ్జాస్ట్ రంధ్రానికి లావాటి రబ్బరు గొట్టం బిగించి, రెండో చివరను పది మీటర్ల అవతల ఒక బ్లాకు వెనక్కి పంపాం. వదిలే గాలి మోత దూరంగా పోయింది, రాయి మీద దెబ్బ అలాగే ఉంది. మీటర్ 104కి దిగింది. అంటే మిగతావన్నీ కలిపి 104, వదిలే గాలి ఒక్కటే 111 పైన. నిమిషానికి రెండు వేల దెబ్బల చొప్పున సిలిండర్‌లోంచి ఒత్తిడి గాలి ఒక్కసారిగా బయటికి విచ్చుకుంటుంది. చెవి కోసేది ముఖ్యంగా అదే. "రాయి మోత" అని అందరూ అంటున్నది చాలావరకు గాలి మోత.

ఆ మిగిలిన 104లో పెద్ద వాటా రాడ్డుది. కొసన రాయిని కొరికే బిట్టు ఉన్న ఉక్కు రాడ్డు మీద పిస్టన్ కొట్టిన ప్రతిసారీ అది గంటలా మోగుతుంది. బెజ్జం మొదలుపెట్టేటప్పుడు రాడ్డంతా బయటే ఉంటుంది కాబట్టి మోత ఎక్కువ, లోపలికి దిగేకొద్దీ తగ్గుతుంది.

మొదటి సైలెన్సరు, మా తప్పు

దొంగ దొరికాడు కాబట్టి ఎగ్జాస్ట్‌కి సైలెన్సరు పెడదామన్నాం. దగ్గర్లోని లేత్ వర్క్‌షాప్‌లో ఆరు ఇనుప డబ్బాలు చేయించి బిగించాం. మొదటి రోజు మీటర్ బాగానే దిగింది. మూడో రోజు వెళ్ళి చూస్తే ఆరూ ఊడదీసి షెడ్డు మూల పడేసి ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం తప్పని అరగంటలో తెలిసింది. మేస్త్రి హ్యామర్‌కి ఒక డబ్బా మళ్ళీ బిగించి నా చేతికిచ్చి, "మీరే ఒక బెజ్జం ఎయ్యండి సార్" అన్నాడు. వేశాను. హ్యామర్ ఊపిరాడనట్టు నడిచింది. డబ్బా లోపల దారి ఇరుకై వెనక ఒత్తిడి పెరిగి దెబ్బ బలం తగ్గింది. అడుక్కి ఇంత కూలి అని పని చేసే మనిషికి అది నేరుగా జేబుకి తగిలే దెబ్బ. పైగా డబ్బా బరువుకి హ్యామర్ ఒక పక్కకి లాగుతోంది, బయటికొచ్చే ఆయిల్ తుంపర కాళ్ళ మీద పడుతోంది. ఇనుప డబ్బా కాబట్టి అదీ కొంచెం మోగుతోంది. వాళ్ళు ఊడదీసింది మొండితనంతో కాదు.

ఆ రోజే మేస్త్రి ఇంకో మాట అన్నాడు. ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్న పెద్ద సంగతి అదే. అంతకుముందు పంచిన చెవి ప్లగ్గులు ఎందుకు పెట్టుకోలేదని అడిగితే ఇలా చెప్పాడు: "చెవులు మూసుకుంటే రాయి మాట ఎట్ల ఇనపడేది సార్? లోన పగులుంటే రాడ్డు గొంతు మారతాది. బిట్టు మొద్దుబారినా మారతాది. అది ఇనే కదా మేము చెయ్యి సడలించేది. ఇనపడకపోతే రాడ్డు ఇరుక్కుంటాది, బ్లాకు చెడిపోతాది."

అప్పటిదాకా నా దృష్టిలో మోత అంతా ఒకే చెత్త. ఆయనకు అందులో పనికొచ్చే శబ్దం ఒకటుంది, దాన్ని కప్పేసే శబ్దం ఒకటుంది. కప్పేసేది వదిలే గాలి. దాన్ని తగ్గిస్తే ఆయనకు కావలసిన రాడ్డు గొంతు ఇంకా తేటగా వినిపించాలి. ఆ సంగతి చెప్పి, "ఇంకొక్కసారి చేసి చూద్దాం, నచ్చకపోతే మీరే తీసేయండి" అన్నాను.

రెండోసారి డ్రిల్లర్లను కూర్చోబెట్టుకునే చేశాం. మందపాటి రబ్బరు ఒళ్ళు, ఎందుకంటే రబ్బరు మోగదు. లోపల గాలి విచ్చుకోవడానికి ఎక్కువ చోటు, బయటికి పోయే రంధ్రాలన్నీ కలిపితే హ్యామర్ ఎగ్జాస్ట్ రంధ్రం కంటే బాగా ఎక్కువ వైశాల్యం. గాలి కాళ్ళ వైపు కాకుండా, మనిషి నిలబడే చోటికి ఎదురు దిక్కుకి పోయేలా తిప్పాం. హ్యామర్‌కి పోయే గాలిలో ఆయిల్ కలిపే లైన్ ఆయిలర్‌ని సరిచేశాం, అంతకుముందు అవసరానికి మించి ఆయిల్ పోస్తున్నారు. ఎక్కువైన ఆయిల్ సైలెన్సరు లోపల రాతి దుమ్ముతో కలిసి ముద్దకట్టి దారి మూసేస్తుంది. వారానికోసారి విప్పి కడగడం హెల్పర్ పనిలో చేర్చాం.

బెజ్జం వేసే వేగాన్ని గడియారం పెట్టి కొలిచాం. డ్రిల్లర్లకు తేడా తెలియనంత దగ్గరికి వచ్చాక గానీ మిగతావి చేయించలేదు. వదిలే గాలి మోత పది డెసిబెల్స్ తగ్గింది. అయినా మొత్తం మీద 112 నుంచి 106కే దిగింది, ఆరే. ఇక్కడ చాలామంది నిరాశపడతారు. డెసిబెల్స్ రూపాయల్లా తీసివేతకు లొంగవు. పెద్ద వాటా తగ్గాక రెండో వాటా పైకి తేలుతుంది. 104 మోగే రాడ్డు అలాగే ఉన్నప్పుడు గాలిని పూర్తిగా మింగేసినా 104 కంటే కిందికి రాదు.

మేస్త్రి ఆ సాయంత్రం రెండు బెజ్జాలు వేసి, కుడి చెవి అటు తిప్పి విని, "ఇప్పుడు రాడ్డు తెలస్తా ఉండాది" అన్నాడు. ఆ తర్వాత ఆ సైలెన్సర్లు ఎవరూ తీయలేదు.

రాడ్డు, బుష్, డీటీహెచ్

రాడ్డు మీద ఎక్కువ గెలవలేదు. హ్యామర్ మూతి దగ్గర రాడ్డును పట్టుకునే బుష్ అరిగిపోయి ఉంటే రాడ్డు అటూ ఇటూ కొట్టుకుని ఎక్కువ మోగుతుంది. నాలుగు హ్యామర్లలో బుష్‌లు మార్చాం. బెజ్జం మొదలుపెట్టడానికి పొట్టి రాడ్డు వాడటం అలవాటు చేశాం. రాడ్డు మీద గట్టి రబ్బరు కాలర్లు తొడిగి చూస్తే మోత తగ్గింది గానీ వేడికి, దెబ్బకి వారం తిరగకుండా చిట్లిపోయాయి. వాటిని వదిలేశాం. బిట్లు పదును పెట్టే వంతు నియమంగా జరిగేలా చూశాం. పదునైన బిట్టు బెజ్జం త్వరగా ముగిస్తుంది, చెవి మీద పడే నిమిషాలు తగ్గుతాయి. ఇవన్నీ కలిసి రాడ్డు వాటాలో రెండు డెసిబెల్స్ తగ్గించాయి. డ్రిల్లర్ చెవి దగ్గర అంకె 105 లోపుకి వచ్చింది.

డీటీహెచ్ సంగతి వేరు. అందులో హ్యామర్ బిట్టుతో పాటు బెజ్జంలోకే దిగుతుంది, వదిలే గాలి కూడా బెజ్జంలోంచే పైకొస్తుంది. ఒకటి రెండు మీటర్లు దిగాక రాయే దానికి దుప్పటి కప్పినట్టవుతుంది. గోలంతా మొదటి మీటరులోనే. బెజ్జం మూతి చుట్టూ మందపాటి రబ్బరు పావడా వేలాడదీసి, కంట్రోల్ లివర్ల దగ్గర నిలబడే ఆపరేటర్‌ని గాలి గొట్టం పొడుగు పెంచి దూరం జరిపాం. పావడా వల్ల దుమ్ము కూడా అణిగింది, నీళ్ళతో డ్రిల్లింగ్ ఎలాగూ ఉంది. సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేసే కీడు తెలిసినవాళ్ళు ఎవరూ గ్రానైట్‌లో పొడి డ్రిల్లింగ్ ఒప్పుకోకూడదు.

కంప్రెసర్లకు కంపెనీ ఇచ్చిన శబ్దం తగ్గించే తలుపులున్నాయి. రెండిటికీ తలుపులు బార్లా తెరిచి రాళ్ళు అడ్డం పెట్టారు. ఎందుకంటే ఎండకి ఇంజను వేడెక్కి ఆగిపోతోంది. రేడియేటర్లు చూస్తే రాతి పొడి ముద్దగా పట్టి ఉంది. కడిగించి, పైన తాటాకు పందిరి వేయించి, కంప్రెసర్లను గుంతకు ఎగువన గాలి ఆడే చోటికి మార్చాం. తలుపులు మూసుకున్నాయి. దీనికి అయిన ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

టార్పాలిన్ కింద ఉన్నది

సైలెన్సర్ల మీద ఎంత శ్రమపడినా అసలు మలుపు వైర్ సా తోనే వచ్చింది. డీటీహెచ్‌తో పై నుంచి ఒక బెజ్జం, పక్క నుంచి ఒకటి వేసి రెండూ లోపల కలిసేలా చేస్తారు. వాటిలోంచి పూసల తాడు దూర్చి, నీళ్ళు పోస్తూ తిప్పితే రాయి జున్నుముక్కలా కోసుకుపోతుంది. ఒక పెద్ద కోతకు జాక్ హ్యామర్‌తో వందల బెజ్జాలు పడే చోట రెండే రెండు బెజ్జాలు. మోత లేదని కాదు, మోటారు, నీళ్ళు, తాడు కలిసి ఒక రొద ఉంటుంది, కానీ దాని పక్కన మామూలు గొంతు కొంచెం పెంచి మాట్లాడుకోవచ్చు. తాడు తెగితే పూసలు తూటాల్లా ఎగిరి ప్రాణం తీస్తాయి. అందుకే తాడు తిరిగే వరసలో ఎవరూ నిలబడకుండా కంచె, రబ్బరు బెల్టు అడ్డం పెట్టించకుండా మొదలుపెట్టనివ్వలేదు.

ఆపరేటర్‌ని కృష్ణగిరి వైపు నుంచి తీసుకొచ్చారు. ఇద్దరు డ్రిల్లర్లకు ఆయన పని నేర్పాడు. పెద్ద కోతలన్నీ వైర్ సా మీదికి మారాక, జాక్ హ్యామర్ పని బ్లాకులను చిన్నవిగా చీల్చడానికే మిగిలింది. ఒకేసారి ఆడే హ్యామర్లు ఆరు నుంచి మూడయ్యాయి. ఒక్కో మనిషి హ్యామర్ పట్టుకునే వేళ వంతులు మార్చుకుంటూ రోజుకు రెండున్నర గంటలకు వచ్చింది. కూలి తగ్గుతుందని డ్రిల్లర్లు భయపడ్డారు, అది న్యాయమైన భయం. అడుగు లెక్క తీసేసి రోజు కూలి చేస్తేనే ఈ పని నిలుస్తుందని యజమానితో రెండుసార్లు కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. చివరికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం లేకపోతే పైన రాసినదంతా ఒక నెలలో కొట్టుకుపోయేది.

చెవులు

105 అంటే ఇంకా 90కి చాలా పైన. కాబట్టి చెవి రక్షణ తప్పదు. మట్టి చేతులతో నలిపి పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు ఇక్కడ నప్పలేదు, చెవిలో పుండ్లు పడ్డాయి. హెల్మెట్‌కి బిగించే, చెవులను పైనుంచి కప్పే మఫ్‌లు తెప్పించాం. మే నెల ఎండకి చెమట పట్టి విసుగొస్తుంది, అందుకే హ్యామర్ ఆడేటప్పుడే దించుకుని, ఆగగానే పైకెత్తుకునే రకం. ప్యాకెట్ మీద రాసిన అంకెను నేను నమ్మను. పనిలో నిజంగా దక్కేది దానికంటే బాగా తక్కువ. పదిహేను డెసిబెల్స్ అనుకుని లెక్క వేశాను. 105లో పదిహేను పోతే 90, అదీ రెండున్నర గంటలకే కాబట్టి ఎనిమిది గంటల లెక్కకు మారిస్తే 85 దగ్గరికి వస్తుంది. హెచ్చరిక హద్దు అంచున నిలబడ్డాం, దాని కిందికి సౌకర్యంగా రాలేదు. మఫ్ పది నిమిషాలు పక్కన పెట్టినా ఈ లెక్క చెడుతుంది.

మఫ్ పెట్టుకున్నవాడికి ఎక్స్‌కవేటర్ వెనక్కి వచ్చే బీప్ వినపడకపోవచ్చు. అందుకని తిరిగే దీపం, జెండా మనిషి. బ్లాస్టింగ్ ఉన్న అరుదైన రోజుల్లో సైరన్‌తో పాటు మేస్త్రి ఒక్కొక్కరి భుజం తట్టి పని చోటు నుంచి కిందికి పంపాలి.

ఆడియోమెట్రీలో, అంటే వినికిడి పరీక్షలో, మొదట ఒక పొరపాటు జరిగింది. పరీక్ష బృందం సాయంత్రం పని దిగిన వెంటనే అందరికీ చేసింది. మోతలోంచి అప్పుడే వచ్చిన చెవి కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది, నిలిచిపోయిన నష్టమేదో, తాత్కాలికమేదో తేలదు. వారపు సెలవు ముగిశాక, పనికి దిగకముందు మళ్ళీ చేయించాం. ఇద్దరు కుర్రవాళ్ళ ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. మిగతా నలుగురికీ 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలోకి దిగి ఉంది, మోత తిన్న చెవికి అది గుర్తు. ఆ నష్టం తిరిగి రాదని వాళ్ళకు నేనే చెప్పాను. మేస్త్రిది ఆ గుంట దాటి చాలా దూరం పోయింది. ఆయన కాగితాలు ఈసారి నియమం ప్రకారం పైకి వెళ్ళాయి.

ఊరు

ఊరిలో కొలతలు రెండు వేళల్లో తీశాం. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. క్వారీ దగ్గర అప్పటికే ఒక రిపోర్టు ఉంది, అంతా హద్దులోనే అని. అది అబద్ధం కాదు, మధ్యాహ్నం కొలిచారు. నాకూ మధ్యాహ్నం చివరి ఇంటి దగ్గర 54 వచ్చింది. అదే ఇంటి దగ్గర పొద్దున ఆరున్నరకి 61. చలికాలం తెల్లవారుజామున నేలని అంటిపెట్టుకున్న గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగి ఊరి మీద పడుతుంది. ఆ ఇంట్లో పాలు పితికే ఆమె అర్జీలో చెప్పింది నిజం, రిపోర్టు చూడని వేళ గురించి చెప్పింది.

అందుకే ఊరి కోసం చేసిన మొదటి పని, హ్యామర్లు ఎనిమిది తర్వాతే మొదలుపెట్టడం. పొద్దున పూట నీళ్ళ పైపులు, చీలల పని, యంత్రాల శుభ్రం. రెండోది గోడ, కానీ యజమాని అనుకున్న చోట కాదు. ఊరికీ క్వారీకీ సగం దూరంలో కడితే శబ్దం పైనుంచి వంగి దిగిపోతుంది. గోడ మోతకు దగ్గరగానైనా ఉండాలి, ఇంటికి దగ్గరగానైనా ఉండాలి. పనికిరాని బ్లాకులకు క్వారీలో కొదవ లేదు. రాయి తీసే మెట్టు (బెంచి) అంచునే నాలుగు మీటర్ల ఎత్తు పేర్చి, సందుల్లో మట్టి కూరించాం. సందు వదిలితే గోడ ఉన్నా లేనట్టే. చెట్లు నాటించమని పంచాయతీ అడిగింది, కానుగ మొక్కలు నాటారు. మంచిదే, దుమ్ముకీ కంటికీ. ఒక వరస చెట్లు శబ్దాన్ని ఆపుతాయని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

ఐదో నెలలో పొద్దున ఎనిమిదిన్నరకి అదే ఇంటి దగ్గర 49 వచ్చింది. క్వారీ మూసిన ఆదివారం అక్కడ 42 ఉంటుంది. హ్యామర్ ఇప్పటికీ వినపడుతుంది, లేదని ఊరివాళ్ళూ అనరు, నేనూ అనను. పాలు పితికే ఆమె, "పొద్దున్నే లేదు నాయనా, సాలు" అంది.

మిగిలిపోయిన పని ఒకటుంది. డీజిల్ కంప్రెసర్ల బదులు కరెంటు స్క్రూ కంప్రెసర్ పెట్టాలంటే త్రీ ఫేజ్ లైను గుంత దాకా రావాలి. దరఖాస్తు పెట్టారు. ఈలోగా మేస్త్రి హ్యామర్ దించి వైర్ సా దగ్గర కూర్చుంటున్నాడు. తాడు బిగువు సడలితే మోటారు గొంతు మారుతుందట, కుడి చెవితో అది పట్టుకుంటున్నాడు.